నాలుగో లైను

ఇబ్రహీంపట్నం శివార్లలోని ఆ ఫ్యాక్టరీల ఆవరణలో మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మింది. కంట్రోల్ రూములో హిమజ టీ తాగుతూ కంప్యూటర్ ముందు కూర్చుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఆమెకు ఫోన్ చేస్తాడు. ఆమె తాను రాసిన ప్రోగ్రాములో '--ఆపు' అని, పక్కన లైను నంబరు కొట్టి ఆ లైనుకు కరెంటు ఆపుతుంది. రెండు లైన్లయితే రెండుసార్లు '--ఆపు' కొట్టాలి. అలా ఆపినవాటి జాబితాలో లేని లైన్లకు ఐదు నిమిషాల్లో కరెంటు దానంతటదే వెళ్తుంది.

ఒకే మాట రెండుసార్లు ఎవరు చెబుతారులే అనుకుని మొదట్లో ఆమె దాన్ని సరిగా రాయలేదు. రెండో '--ఆపు' రాగానే ప్రోగ్రాము మొదటిదాన్ని పారేసి, చివరిదే ఉంచుకునేది. పోయిన నెల అలా పారేసిన నంబరు నాలుగు. నాలుగో లైను మీద లైన్‌మన్ సిద్దయ్య ఉన్నాడు.

చెప్పకుండా ఎక్కాడని చచ్చినవాడి మీదే నెట్టేశారు. హిమజ నోరు మెదపలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మర్నాడు ప్రోగ్రాము సరిచేసింది. ఇప్పుడు ఎన్నిసార్లు చెప్పినా అన్నీ జాబితాలో చేరతాయి.

ఈరోజు తొమ్మిదో లైను మీద ఆమె తమ్ముడు తిరుమల్, పన్నెండు మీద ఇంకో లైన్‌మన్ జంగా ఉన్నారు. రెండు నంబర్లూ కొట్టింది.

ఆపినవి: 4, 9, 12.

నాలుగు తాను కొట్టలేదు. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. గదిలో రబ్బరు కాలిన వాసన... ప్లగ్గులన్నీ తడిమి చూసింది. చల్లగానే ఉన్నాయి. మూడోసారి కొట్టింది.

ఆపినవి: 4.

తొమ్మిది లేదు. పన్నెండూ లేదు. కరెంటు ఆపే దారి ఆ గదిలో ఇంకోటి లేదు. కొడుతూనే ఉంది... నాలుగే. తమ్ముడికి ఫోన్ చేసింది.

"తిరుమల్... దిగు. జల్ది దిగు."

"దిగుదామంటే జంగన్న నా భుజం ఇడుస్తలేడక్కా." అతని గొంతు గుసగుసలా వచ్చింది. "నువ్వు చెప్పేది ఉన్నదట. చెప్పేదాక దిగనియ్యడట."

హిమజ కిటికీలోంచి చూసింది. జంగా దూరంగా, పన్నెండో లైను స్తంభం మీద ఒక్కడే ఉన్నాడు.

మేనేజరు వెంకటసుబ్బారావుకు ఫోన్ చేసి, సిద్దయ్య తప్పేమీ లేదని, తన ప్రోగ్రామే అతన్ని చంపిందని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. తెర మీద అంకెలు మారాయి. 9, 12. ఆమె బావురుమంది.

కాసేపటికి తిరుమల్ లోపలికొచ్చాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. ఆమె ఎదురెళ్లి అతని చెయ్యి పట్టుకుంది.

"నా భుజం పట్టినాయన రెండు తప్పులు చెప్పాలన్నడక్కా," అన్నాడు మెల్లగా. "నువ్వు ఒక్కటే చెప్పినవ్."

హిమజకు తెలిసిన తప్పు ఒక్కటే. రెండోది ఇంకా ఆ ప్రోగ్రాములోనే ఎక్కడో ఉంది.