పెదలంక కుండయంత్రం

2081వ సంవత్సరంలో పెదలంక జనం వీధిలో ఎదురుపడితే భోజనమైందా అని అడగడం మానేశారు. "మీ కుండకి డాక్టరు దొరికాడా" అని అడుగుతున్నారు.

అడగరు మరి. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ప్రతి కొంపలోనూ ఉంది. ఆ కార్డు తీసుకునే కుటుంబ వైద్యశాల మాత్రం లంక మొత్తానికి ఒక్కటే. అదీ మూడువందల కుటుంబాలకు మించి చూడదు. వెనకటికి ఒకే ఇంటిని కాగితాల మీద నాలుగిళ్లుగా చీల్చి చోట్లు పట్టేసేవాళ్లు. ఆ మాయ పట్టడానికి శాస్త్రవేత్తలు 'ఏకపాకసూచి' కనిపెట్టారు. ఏడాదిపాటు ఒక కుండ కూడు తిన్నవాళ్ల పేగుల్లో ఒకే తీరు సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. చదువుకున్నవాళ్లు దాన్ని మైక్రోబయోమ్ అంటారు. గొట్టంలో ఊదితే చాలు, ఎవరెవరిది ఒక కుండో యంత్రం చెప్పేస్తుంది. కాగితం అబద్ధమాడుతుంది గాని కడుపు ఆడదు. జనం నోట్లో పడి అది కుండయంత్రమైంది.

మూడువందలవ చోటు, అంటే ఆఖరిది, మోక్షితమ్మకు దక్కింది. అది విన్న దగ్గర్నుంచి ఆమె తోటికోడలు దీక్షితమ్మ కళ్లలో నిప్పులు పోసుకుంటూనే ఉంది.

దీక్షితమ్మకు షుగరు. మడమ మీద పుండు ఏడాదిన్నరగా మానడం లేదు. వారం వారం డాక్టరు చూడకపోతే పాదం తీసేయాల్సి వస్తుంది. ఆ కార్డు చెల్లే మరో డాక్టరు కావాలంటే రేవులో పంటెక్కి ఏరు దాటి రెండు బస్సులు మారాలి. గోడ అవతలి మోక్షితమ్మకేమో వైద్యశాల వంద అడుగులు. పైగా భర్త పోయి, పిల్లలు లేక, ఒంటికాయ శొంఠికొమ్ములా ఉన్న మనిషి. ఆవిడదీ ఒక కుటుంబమేనా అని దీక్షితమ్మ కనపడ్డవాళ్లందరినీ అడిగింది.

ఆరేళ్ల కిందట ఆవకాయ జాడీ దగ్గర మాటామాటా పెరిగి ఆ ఇద్దరి పొయ్యిలూ వేరుపడ్డాయి. ఆవిడ చేతి ముద్ద జన్మలో ముట్టనని దీక్షితమ్మ ఒట్టేసుకుంది. పుండుతో పొయ్యి దగ్గర నిలబడలేక వంట మానేశాక, మొగుడు రిత్విక్ రోజూ కర్రీ పాయింట్ డబ్బాల్లో కూరలు తెచ్చేవాడు. ఆ కర్రీ పాయింటువాడి చేతి ముందు కొందరి వంట దిగదుడుపని ఆమె గోడ మీదుగా వినిపించేది. అవతల మోక్షితమ్మ చింతచిగురు ఏరుకుంటూ ఉండేది.

చివరికి దీక్షితమ్మ ఒంటి మనిషిది కుటుంబం కాదని ఫిర్యాదు పెట్టింది. రిత్విక్ వద్దు వద్దని బతిమాలాడు. ఎందుకంటే ఫిర్యాదు చేసిన ఇంటివాళ్లు కూడా గొట్టంలో ఊదాలి.

ముగ్గురూ వైద్యశాలకు వెళ్లి ఊదారు. యంత్రం పలికింది.

"ఫిర్యాదు చెల్లదు. మోక్షితమ్మ ఒంటరి కాదు. ఆ కుండకు మూడు నోళ్లు. మోక్షితమ్మ, రిత్విక్, దీక్షితమ్మ."

యంత్రం చెడిపోయిందంది దీక్షితమ్మ. వైద్యశాల డాక్టర్ సుహానా మళ్లీ ఊదించింది. అదే మాట.

రిత్విక్ నేల చూపులు చూశాడు. "కర్రీ పాయింట్ మూసేసి ఏడాది దాటిందే. డబ్బాలు మాత్రం దాచుకున్నాను."

"నీ పుండు కోసమే ఈ చోటు రాయించుకున్నాను," అంది మోక్షితమ్మ. "ఊదితే గుట్టు బయటపడుద్దని మీ ఆయన జడిశాడు. నా దిగదుడుపు వంట నీ కడుపులో బాగానే కూర్చుందిలే."

ఇంత షుగరులో పాదం నిలిచిందంటే చూసి వండిన చెయ్యే కారణమంది డాక్టరు, కట్టు విప్పుతూ. ఆ మాట దీక్షితమ్మకు పుండు కన్నా ఎక్కువ సలిపింది.

"మూడో నోరుగా నమోదుకు ఒప్పుకుంటారా?" అని అడిగింది యంత్రం.

దీక్షితమ్మ పాదం వైపు చూసుకుంది. ఒట్టు కన్నా కాలు గట్టిదనిపించింది.

"ఒప్పుకుంటాను. మూడో నోరేంటి, రెండోదని రాయి. మా ఆయన నా తరవాతే."

"ఆ వరస తిన్నదాన్ని బట్టి వస్తుంది," అంది యంత్రం. "మీరు పూటకు ఒకసారే తింటున్నారు. ఆయన మొదట మోక్షితమ్మ ఇంట్లో తిని, తరవాత మీతోనూ తింటున్నారు."

దీక్షితమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది.