గాలి ఎక్కువగా ఉన్న రోజు

మార్చి తొమ్మిది. ఆ పొద్దున పారాచూట్ ట్రైనింగ్ బేస్ మెస్‌లో ఉడకబెట్టిన గుడ్లు, గట్టిపడిన బ్రెడ్డు, చక్కెర తక్కువైన టీ. ఏళ్ళు గడిచినా ఆ రుచి అతనికి గుర్తుంది. అది అతని మొదటి జంప్ రోజు. విమానం తలుపు దగ్గర కాళ్ళు బిగుసుకుపోయాయి. వెనక బ్యాచ్ అంతా చూస్తోంది. ట్రైనర్ మాస్టారు అతని ముఖంలోకి ఓసారి చూసి, “గాలి ఎక్కువగా ఉంది. ఇవాళ్టికి ఇంతే,” అని తలుపు మూసేశారు. మర్నాడు దూకాడు. దూదిపింజలా దిగాడు. ఆ ‘దూది’ తర్వాత అతని కోడ్‌నేమ్ అయింది.

ఇప్పుడు అతను పనిచేసే గూఢచారి శాఖ చీఫ్ అతన్ని మళ్ళీ అదే బేస్‌కి పంపుతున్నాడు.

“రేపు కొత్త బ్యాచ్ మొదటి జంప్. ప్యాకింగ్ షెడ్‌లో ఎవరో విదేశీ ముఠాకి అమ్ముడుపోయారు. ఒక పారాచూట్ తాళ్ళు కోస్తారట. ఒక్క ప్రాణం పోతే చాలు, బేస్ మూతపడుతుంది.”

“ఎవరు సర్?”

“పేరు చెప్పింది వెన్నెల. మీ మాస్టారేనట.”

వెన్నెల ఆ షెడ్ ఆఫీసర్. ముఠాలో చేరినట్టు నటిస్తూ చీఫ్‌కి కబుర్లు అందించే డబుల్ ఏజెంట్. మోకాళ్ళు పాడైన మాస్టారు ఆమె కింద పారాచూట్లు మడతపెడుతున్నారు.

“నన్నే ఎందుకు పంపుతున్నారు?”

“నీకిప్పుడు దేనికీ గుండె అదరదు కాబట్టి.”

నిజమే. భార్య పోయిన దగ్గర్నుంచి దూది లోపలంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది. ఉందని తెలుసు, అంతే.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వేషంలో షెడ్‌లోకి వెళ్ళాడు. పెట్టుడు మీసం, చొక్కా గుండీలో మైక్.

“వాన పడేలా ఉందా?” అంది వెన్నెల, లిప్‌స్టిక్ చెదరకుండా నవ్వుతూ.

“గొడుగు మీ దగ్గరే ఉందిగా.”

కోడ్ కుదిరింది. బ్యాచ్‌తో పాటు దూకడానికి అతనికి ఒక పారాచూట్ కావాలి. పైవరసవి వదిలేసి, ఆమె కింది అరలోంచి ఒకటి తీసి ఇచ్చింది. దానిమీద, మడతపెట్టింది తనేనని మాస్టారి చీటీ ఉంది.

విప్పి చూడొచ్చు. కానీ తాళ్ళు తెగి ఉంటే ఆ చీటీయే మాస్టారిని జైలుకి పంపుతుంది. బేస్‌లో ఒక పాత రూల్ ఉంది. జంపర్ అడిగితే, మడతపెట్టినవాళ్ళే దాన్ని తగిలించుకుని దూకాలి. దూది మాస్టారి ముందు నిలబడి దాన్ని చాపాడు.

“మీరు వేసుకోండి.”

మాస్టారు వెంటనే పట్టీలు బిగించుకున్నారు. “మోకాళ్ళే తిట్టుకుంటాయి. పద. మీసం ఊడుతోంది, చూసుకోరా.”

దూది మీసం నొక్కుకుని, పట్టీలు తనే విప్పాడు. “వద్దులెండి. మేడమ్ వేసుకుంటారు. రూల్ ఆఫీసర్లకీ ఉంది.”

బ్యాచ్ అంతా చూస్తుండగా ఆమె కాదనలేకపోయింది. “మీ సరదా ఎందుకు కాదనాలి?” అని నవ్వింది.

విమానం పైకి లేచింది. ఆమెను వరసలో ముందు నిలబెట్టి, దూది పక్కనే నిలుచున్నాడు. తలుపు తెరుచుకుంది. ఎర్ర లైటు. ఆమె అతని కళ్ళలోకి చూసింది. అక్కడ కోపం లేదు, జాలీ లేదు. ఆపుతాడన్న ఆశా ఆమెకు దొరకలేదు.

పచ్చ లైటు.

ఆమె కాళ్ళు బిగుసుకుపోయాయి.

“తాళ్ళు నేనే కోశాను,” అంది సన్నగా. “రిజర్వ్ పారాచూట్‌వి కూడా. మీరు పోతే నేరం ముసలాయన మీదికి పోతుందని.”

గుండీలోని మైక్ వింటోంది. వెనక కుర్రాళ్ళకు ఇంజన్ మోతలో ఏమీ వినపడలేదు. వాళ్ళ ముఖాలు పాలిపోయి ఉన్నాయి. దూది ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

“గాలి ఎక్కువగా ఉంది,” అన్నాడు కుర్రాళ్ళతో. “ఇవాళ్టికి ఇంతే.”

తలుపు మూశాడు. ఎవరో హమ్మయ్య అనుకోవడం వినిపించింది.

చీఫ్ మనుషులు ఆమెను తీసుకెళ్ళిపోయాక, సాయంత్రం షెడ్‌లో మాస్టారు టీ తెచ్చారు. చక్కెర తక్కువే.

“మీ ఆవిడ సంగతి విన్నాను.”

“ఊఁ.”

మాస్టారు ఒక గుడ్డు ఒలిచి అతని చేతిలో పెట్టారు. అది వేడిగా ఉందని దూదికి తెలిసింది.

“ఆ రోజు గాలి లేదురా.”

“తెలుసు మాస్టారూ.”

“మరి ఇవాళ?”

“ఆకు కూడా కదల్లేదు.”

చీకటి పడింది. దూది లైటార్పి, చప్పుడు కాకుండా షెడ్ తలుపు దగ్గరికి వేశాడు. గాలికి కొట్టుకోకుండా గడియ కూడా పెట్టాడు.