ముప్పై ఏళ్ల అఖిల

హన్మకొండ చౌరస్తాలో నీడతెర ముందు జనం గుమిగూడారు. ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తెర మీద చిందం అఖిల, ముప్పై ఏళ్ల మనిషి, ఫైనల్లో ఆఖరి ఫ్రీత్రో వేయబోతోంది. బంతి బాస్కెట్లో పడగానే చౌరస్తా అంతా ఒక్క గొంతుతో అరిచింది. మిర్చి బజ్జీల బండివాడు ఆనందం పట్టలేక దగ్గరున్నవాళ్లందరికీ ఊరికే బజ్జీలు పంచాడు.

"మన అఖిల మళ్ల గెలిసింది మేడమ్," అన్నాడు ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి. "తొమ్మిదేండ్ల తర్వాత."

ఆటోలో కూర్చున్న హైమావతి నవ్వింది. ఆ మ్యాచ్ ఆమె ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. ఇంకా జరగని ఆటకు ఇవాళ బజ్జీలు పంచడం వింతగా తోచే కాలం ఎప్పుడో దాటిపోయింది.

అంతా నాడిబనీనుతో మొదలైంది. కాలేజీ జట్టులో చేరిన రోజే ప్రతి క్రీడాకారిణికీ ఒకటి ఇస్తారు. మెడపట్టీ మీద పేరు కుట్టి ఉంటుంది. జెర్సీ లోపల తొడుక్కుంటే గుండె వేగం, కండరాల బిగువు, ఊపిరి, తడబాటు అన్నీ అది పట్టుకుంటుంది. నాలుగేళ్ల ఆ సమాచారంలోంచి యంత్రం ఆ మనిషికి ఒక భావినీడను తయారుచేసి, రాబోయే ఏళ్ల మ్యాచ్‌లన్నీ దానిచేత ఆడిస్తుంది. కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్టుకు ముందు ప్రొఫెషనల్ జట్లు చూసేది ఆ నీడలనే. విద్యార్థుల ముఖాలు చిత్రీకరించకూడదన్న ముఖాల చట్టం వచ్చాక కాలేజీ మైదానాల్లో కెమెరాలు కూడా లేవు. బనీను చెప్పిందే ఆట. అందులోనూ మొదటి వరుసలో ఉన్నవాళ్ల నీడలు తెరలకెక్కాక, తొమ్మిదేళ్ల తర్వాతి ఫైనల్ చూసే జనానికి ఇవాళ్టి లీగ్ మ్యాచ్ చప్పిడి కూడులా అనిపించసాగింది.

మధ్యలో మనిషికి మిగిలిన పని ఒకటే, కంటిసాక్షి. డ్రాఫ్టుకు ముందు ఒక మనిషి క్రీడాకారిణిని కళ్లారా చూసి, జట్ల సభ ముందు నిలబడి "చూశాను" అని చెప్పాలి. హైమావతి ఆ ఉద్యోగంలోనే ఉంది. విజయవాడలో ఇంట్లో కూర్చుని, కాఫీ తాగుతూ, చాలామందిని నీడతెర మీదే చూసేసింది. యంత్రం చూశాక తాను చూడడానికి ఏం మిగులుతుందని ఆమె ధీమా. అఖిల కోసం మాత్రం రైలెక్కి వచ్చింది. నిజం చెప్పాలంటే ఉద్యోగం కోసం కాదు, అభిమానంతో. ఒంటరి సాయంత్రాల్లో ఆమెకు తోడు ఆ ముప్పై ఏళ్ల అఖిలే.

కాలేజీలో ఆ రోజు పాత ప్రత్యర్థులతో పోటీ. గ్యాలరీ నిండింది. ఇరవై ఒక్కేళ్ల అఖిల సాధన చేస్తుంటే హైమావతి కళ్లు చెమర్చాయి. అదే మణికట్టు తిప్పుడు, అదే ఓపిక. ఒక్క బంతి కూడా గురి తప్పలేదు.

విజిల్ మోగింది. అంతే, ఆ పిల్ల వేరే పిల్ల అయిపోయింది. చేతులు వణికాయి. ఎదుటి జట్టుకు పాస్ ఇచ్చింది. బంతి తన వైపు వస్తుంటే తప్పుకుంది కూడా. అదే జట్టులో, సాధనలో గోడకానుకుని జడ అల్లుకుంటూ గడిపిన పసునూరి రవళి మాత్రం శివాలెత్తినట్టు ఆడింది. ఇద్దరిని తోసుకుంటూ, నవ్వుతూ, ఎడమచేత్తో బంతిని వెనక్కి వదిలింది. ఆ ఎడమచేతి పాస్ చూసి హైమావతి ఉలిక్కిపడింది. అది అఖిల పాస్. ముప్పై ఏళ్ల అఖిల పాస్. యంత్రం ఇచ్చిన జాబితాలో అందరికంటే అడుగున ఉన్న రవళి చేతిలో అదేం చేస్తోంది?

ఆమె కళ్లజోడు తుడుచుకుంది. నీడలు చూసీ చూసీ కళ్లు పాడయ్యాయేమో అనుకుంది. పక్కనే ఉన్న కోచ్ వీరస్వామిని అడిగింది.

"అఖిలకి ఒంట్లో బాగోలేదాండీ?"

"పెద్ద మ్యాచ్‌ల గిట్లనే చేస్తది మేడమ్. నాకూ పరేషానే. యంత్రమేమో ఒకటో నంబరంటది," అని ఆయన తల గోక్కున్నాడు. "యంత్రం కంటె నాకెక్కువ ఎరుకనా? నా కండ్లకే ఏదో అయినట్టున్నది."

ఆయన కళ్లూ పాడయ్యాయంటే హైమావతికి ధైర్యం రావలసింది. భయం వేసింది.

మ్యాచ్ అయ్యాక ఆమె ఆడపిల్లల గదిలోకి వెళ్లింది. రవళి, అఖిల జెర్సీలు విప్పేసి, చెమటతో తడిసిన నాడిబనీన్లు ఒకరిది ఒకరికి ఇచ్చుకుంటున్నారు. రవళి విప్పిన బనీను మెడపట్టీ మీద అఖిల పేరు ఉంది.

"అదేంటమ్మా? ఎవరి బనీను వాళ్లు వేసుకోలేదా?"

"పెద్ద మ్యాచ్ ఉన్నప్పుడు మార్సుకుంటం మేడమ్," అంది రవళి మామూలుగా. "మొదటి ఏడాది టోర్నమెంటప్పుడు ఇది ఒకటే ఏడుపు. నా బనీను ఏస్కుంటె ధైర్యమొస్తదని అడిగింది. ఇచ్చిన. నాకు ఇంకోటి లేదు గద, దానిది నేనేస్కున్న. అప్పటిసంది గదే అలవాటు. హాస్టల్ల చున్నీలు, చెప్పులు మార్సుకోమా?"

ఒకరి చెమట బట్ట ఇంకొకరు తొడుక్కుంటారని ఆ యంత్రం తయారుచేసిన మేధావులకు తోచలేదు. వాళ్లెవరూ ఆడపిల్లల హాస్టల్లో ఉన్నవాళ్లు కారు.

హైమావతి రెండు బనీన్లూ చేతిలోకి తీసుకుని మెడపట్టీలు చూసింది. మెల్లగా అర్థమైంది. అఖిల పేరున్న బనీను సాధనలో అఖిల ఒంటి మీద, పోటీల్లో రవళి ఒంటి మీద ఉంది. అఖిల క్రమశిక్షణ, రవళి తెగువ కలిపి యంత్రం ఒక మనిషిని చేసింది. రవళి పేరున్న బనీనులోకేమో రవళి బద్ధకం, అఖిల భయం చేరాయి. ఒకటి జాబితాకు తల, ఒకటి తోక. తాను ప్రేమించిన మనిషి ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. అసలు లేనే లేదు.

"తెర మీద చూసినప్పుడు నీకు తెలియలేదా?" అని అఖిలను అడిగింది.

"ఆ ఎడమచేతి పాస్ రవళిదే గదా అనుకున్న మేడమ్. సమజ్ కాలె," అంది అఖిల. "పెద్దగయినంక నాకు గూడ ధైర్యమొస్తదేమో, దాని తీరు ఆడుతనేమో అనుకున్న. సంబురపడ్డ. మా అమ్మయితే పొద్దంత ఆమెనే చూస్తది."

హైమావతి వాళ్లకు దాపరికం లేకుండా చెప్పింది. డ్రాఫ్టు ఎల్లుండి. తాను "చూశాను" అంటే అఖిల మొదటి పేరుగా పోతుంది, రవళి ఇంటికి పోతుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే ఇద్దరి నీడలూ చెరిపేస్తారు. కొత్త నీడకు నాలుగేళ్లు కావాలి. అప్పటికి డ్రాఫ్టు వయసు దాటిపోతుంది.

"చూసిన అనుండ్రి మేడమ్," అంది రవళి వెంటనే. "ఇద్దరం మునుగుడెందుకు? ఒక్కలన్న ఒడ్డుకు పడ్తరు."

"నేనొక్కదాన్ని పోయి ఏం జెయ్యాలె?" అఖిల ఆమె చెయ్యి పట్టుకుంది. "మొదటి మ్యాచ్‌లనే చేతులు వణుకుతయి. అప్పుడు ఎవలి బనీను అడగాలె?"

వాళ్లిద్దరూ తనవైపే చూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, హైమావతికి ఏది ముందో ఏది వెనకో కూడా తెలియలేదు.

జట్ల సభలో ఆమె పేరు పిలిచేదాకా ఏం చెప్పాలో తెలియలేదు. అందరూ ఆ ఒక్క మాట కోసం చూస్తున్నారు. గోదావరి జట్టు ప్రతినిధి అప్పుడే చప్పట్లకు చేతులు దగ్గరికి తెచ్చాడు.

"ఇద్దరిని చూశానండీ," అంది హైమావతి. బనీన్ల సంగతి అంతా చెప్పింది. "ఒకమ్మాయి సాధనలో బంగారం. ఇంకో అమ్మాయి పోటీలో బంగారం. యంత్రం వదిలేసి, వచ్చి మీ కళ్లతో చూసుకోండి. ఇద్దరినీ కలిపి తీసుకుంటే నష్టపోరు."

"పదేళ్ల తర్వాత ఎలా ఆడతారు?" అని గోదావరి ప్రతినిధి అడిగాడు.

"నాకు తెలీదండీ."

సభలో ఆ మాట విని చాలా ఏళ్లయింది. ఎవరికీ కోపం రాలేదు. ఆమె వేరే భాషలో మాట్లాడినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధ్యక్షుడు నిబంధన ప్రకారం రెండు నీడలూ చెరిపేయమన్నాడు. తర్వాతి పేరు పిలిచారు.

తప్పు దిద్దానని అనుకుంటూ హైమావతి బయటికి వచ్చింది. ఆ తృప్తి వారం కూడా నిలవలేదు. చౌరస్తాలో నల్లబడిన నీడతెరకు ఎవరో దండ వేశారని వార్త వచ్చింది. బజ్జీల బండి మూసేశారట. పనికి పోలేక ఇళ్లలో ఏడుస్తున్నవాళ్ల గురించి డాక్టర్లు మాట్లాడుతున్నారు. పోయిన మనిషి ఉంటే దహనం చేస్తారు, దినం పెడతారు, మెల్లగా మరిచిపోతారు. ఈ మనిషికి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. హైమావతికీ తెలియదు. సాయంత్రమైతే ఆమె చెయ్యి అలవాటుగా తెర మీట మీదికి పోయేది. సిగ్గుపడుతూనే ఏడ్చేది.

ఉండబట్టలేక మళ్లీ రైలెక్కింది. కొత్తవాడలో అఖిల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. గుమ్మం బయట చెప్పులు చాలా ఉన్నాయి. పలకరించడానికి వచ్చిన చుట్టుపక్కలవాళ్లవి. వాళ్లు అఖిలను చూసి, "ఏం జేస్తం బిడ్డా, మన అఖిల రాత గట్లున్నది," అని ఆమెకే చెప్పి కళ్లు తుడుచుకుంటున్నారు. రవళి వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తోంది. ఇద్దరూ తెల్లారగానే బనీన్లు లేకుండా బాస్కెట్‌బాల్ కోర్టుకు పోయి ఆడుకుంటున్నారట.

అఖిల తల్లి సమ్మక్క గోడకానుకుని, ఆరిపోయిన తెరకు ఎదురుగా కూర్చుని ఉంది. నీడ చెరిగిన రోజు నుంచి సరిగ్గా అన్నం ముట్టలేదట.

"నన్ను క్షమించమ్మా," అంది హైమావతి ఆమె పక్కన కూర్చుని. "నీ కూతురు నీ ఎదురుగానే ఉంది కదా."

"ఉన్నది మేడమ్. ఇది నా బిడ్డే, కాదంటనా?" సమ్మక్క కళ్లు తెర మీంచి కదలలేదు. "ఆమె గూడ నా బిడ్డనే గదా. ముప్పయ్యేండ్లు సాదిన. అందరు సూస్తుంటె జరంత భయపడకపోయేది."

అఖిల పళ్లెంలో అన్నం, పప్పు కలిపి తెచ్చింది. తల్లి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ముద్ద అందించింది. సమ్మక్క నోరు తెరవలేదు. చాలాసేపు కూతురి మొహంలోకి, ఎవరినో వెతుకుతున్నట్టు, చూసింది.

"ఆమె యాడున్నదో ఏమో," అంది చివరికి. "తిన్నదో లేదో."

వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది. హైమావతి తల దించుకుంది. అఖిల చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

"తిన్నదమ్మా," అంది అఖిల. "ఇప్పుడే తిన్నది. నువ్వు తిను."

సమ్మక్క నోరు తెరిచింది.