కన్నారావు చెవిలో దెయ్యం

రాయగడలో కొండవార నీళ్ళ ట్యాంకు కింద ఓ పాత మున్సిపల్ క్వార్టరు ఉంది. పదిహేనేళ్ళుగా దానికి తాళమే. చీకటి పడ్డాక ఆ దారిన వెళ్ళేవాళ్ళను ఓ ఆడగొంతు పిలుస్తుందట. మెల్లగా... చెవి పక్కనే... పలికితే మాత్రం అంతే సంగతులు! మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు, దెయ్యానికి రెండు పిలుపులే హద్దు. అందుకని మూడోది వినేదాకా నోరు మెదపకూడదని మన ఇళ్ళలో పిల్లలకు గోరుముద్దలతోపాటే నేర్పుతారు.

ఆ క్వార్టరు మెట్ల పక్కనే మంచినీళ్ళ వాల్వు. రాత్రి తొమ్మిదికి దాన్ని తిప్పితేనే తెల్లారి కింది వీధి కుళాయిల్లో నీళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఆ డ్యూటీ కన్నారావుదే. మిగతావాళ్ళు పగలే తొంగిచూడని చోటికి చేతులూపుకుంటూ వెళ్ళొస్తాడు.

"ఆడిది గుండె కాదురా, కొండ!" అంటాడు సూపర్‌వైజరు త్రినాథరావు.

గుండె సంగతి దేవుడెరుగు, అసలు గొప్పదనమంతా చెవులది. మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు పిలిచినా కన్నారావు పలకడు. ఏ దెయ్యమైనా ఎన్నాళ్ళని గొంతు చించుకుంటుంది? అతని చెవుడు ఊరందరికీ తెలుసు, అతని ధైర్యమూ తెలుసు. రెంటికీ ముడిపెట్టిన బుద్ధిమంతుడే లేడు.

మొన్న కూతురు స్మిత విశాఖపట్నం తీసుకెళ్ళి రెండు చెవులకూ మిషన్లు పెట్టించింది. చింతగింజంత ఉంటాయి. మొదటిరోజు అప్పడం కొరికితే ఇల్లు కూలుతోందేమోనని లేచి నిలబడ్డాడు. రెండోరోజు తన చెప్పుల చప్పుడుకి తనే దారిచ్చాడు. మూడోరోజు డ్యూటీకి బయల్దేరుతుంటే అసలు సంగతి తట్టింది.

ఇకనుంచి అది పిలిస్తే... వినబడుతుంది!

తీసి జేబులో వేసుకుందామంటే గుమ్మంలో స్మిత. "నాన్నా, రోజంతా ఉంచుకుంతేనే అలవాటవుతాయి. తీసేవో, సూడు మరి!"

భయమని చెబితే ఎనిమిదేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. కన్నారావు ఓ నిర్ణయానికొచ్చాడు. ఈ ఒక్క రాత్రి చూడడం. ఏదైనా వినబడిందా... రేపే మిషన్లు వాపసు. చెవుడుంటే చెవుడుంది, పరువుంటే చాలు.

ఆ రాత్రి కరెంటు లేదు. కీచురాళ్ళు. ఎండుటాకులు. పైపులో ఎక్కడో నీటిబొట్టు... ఇన్ని చప్పుళ్ళ మధ్యనుంచా తను ఇన్నాళ్ళూ ఈల వేసుకుంటూ నడిచింది? వాల్వుకి దాన్ని తిప్పే ఇనప కడ్డీ తగిలించాడు. ఒక చుట్టు తిప్పాడు. అప్పుడు—

"ఇదిగో..."

ఆడగొంతు. వెనకనుంచి కాదు, పక్కనుంచి కాదు. సరిగ్గా తలకాయ లోపలనుంచి!

ఒకటి.

పెదవి కొరుక్కుని కుడి మిషను తీశాడు. ఎడమవైపు ఊపిరి వినబడుతోంది. అదీ తీశాడు... నిశ్శబ్దం. వినబడకపోతే ఇంకా భయంగా ఉండి మళ్ళీ రెండూ పెట్టుకున్నాడు.

"ఇదిగో... ఇనబడతందా?"

రెండు. దెయ్యం వాటా అయిపోయింది. కన్నారావు మూడోదానికోసం చెవులు రిక్కించాడు.

"తలుపు తీసే ఉంచేను... వచ్చీ... నీ కోసరమే కూకున్నాను."

మూడు! లెక్క ప్రకారం పిలిచింది మనిషే. చుట్టూ చూస్తే మనిషి లేదు. క్వార్టరు తలుపుకి తుప్పు తాళం వేలాడుతోంది.

రెండు చేతులూ జోడించేశాడు. "ఎవులమ్మా నువ్వు? పెల్లాం పిల్లలున్నోన్ని... నన్నొగ్గీ తల్లీ!"

వెంటనే చెవులు పగిలిపోయేలా—

"ఎవులేటి? నీ పెల్లాన్ని! కుంతిని! సేపల కూర సల్లారిపోతంది!"

ఆ గొంతు తెలుసు. నిండు చెవుడులో కూడా చేరిన గొంతు అదొక్కటే. జేబులో ఫోను వెలుగుతోంది.

"మనమ్మి స్మిత నీ ఫోన్లో ఏటో మార్సిందట," అంది కుంతి. "నాను ఫోను సేస్తే దానంతటదే ఎత్తుకుని నీ సెవిలో పలుకుతాది, అప్పుడు బయట సద్దేటీ నీకినబడదు అంది. అరవకమ్మా, మెల్లగా మాటాడు అంది. మెల్లగంతే ఇలగే కదేటి?"

కన్నారావు ఆ క్వార్టరు మెట్టుమీదే కూలబడ్డాడు. ఎనిమిదేళ్ళుగా ఆవిడ తనతో అరుస్తూనే బతికింది. ఇంత మెత్తటి గొంతుందని మరిచేపోయాడు. సిగ్గేసింది, నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకున్నాడు.

"మిషన్లు వాపసివ్వనే కుంతీ," అన్నాడు. "ఇందాక మాటాడేవు సూడు, దెయ్యంలాగ... మల్లీ అలగే మాటాడు."

"మాటాడతాను గానీ," అంది కుంతి, అనుమానంగా. "ముందిది సెప్పు. తలుపు తీసే ఉంచేను అని నానన్నప్పుడు... నీ పక్కనుండి 'వస్తన్నాను' అన్న ఆడమనిసెవులు?"

కన్నారావు వెనక్కి తిరిగి చూడలేదు. జారిపోయిన చెప్పులు కూడా వెతుక్కోకుండా పరుగందుకున్నాడు.

"కుంతీ... ముందా తలుపెయ్యే!"

ఆ కేక కింది వీధంతా, ఏ మిషనూ లేకుండానే విన్నది.