బాబాయ్ లేని మీటింగ్

బ్రేకు పడలేదు.

బాబాయ్ మళ్లీ తొక్కాడు. పెడల్ నేలకు ఆనింది. కారు వంతెన రెయిలింగును గుద్ది పల్టీ కొట్టింది.

“పోయాడా?” చీఫ్ గదిలో అడిగాడు ఏజెంట్ డేగ.

“స్పృహ లేదు. బ్రేకు పైపు కోసేశారు,” అన్నాడు చీఫ్. “ఓ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆయన మెయింటెయినర్. ఏ మార్పయినా ఆయన చూసి ఒప్పుకున్నాకే చేరాలి. అక్కడ అందరికీ బాబాయే.”

“ఏ కంపెనీ సార్?”

“కంపెనీ లేదు, జీతాల్లేవు. వాలంటీర్లు తీరిక వేళల్లో రాసి ఊరికే ఇచ్చేశారు. మన రైల్వే సిగ్నళ్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.”

డేగ నిటారుగా కూర్చున్నాడు.

“దానికిప్పుడు థ్రెడింగ్ సపోర్ట్ కలుపుతున్నారు. ఒకే ప్రోగ్రాం ఒకేసారి నాలుగు పనులు చెయ్యడమన్నమాట; ఒక్కో పనీ ఒక థ్రెడ్. నాలుగూ ఒకే వస్తువు మీద పడి కొట్టుకోకుండా మధ్యలో లాక్ ఉంటుంది. ఈ మధ్యాహ్నం రెండు ప్లాన్లలో ఒకటి ఖాయం చేస్తారు. ఒకదాంట్లో శత్రువులు విషం కలిపారు. అది పాసయితే ఒకే లైన్లోకి రెండు రైళ్లు.”

“ఏ ప్లాన్‌లో?”

“అక్కడున్న మన మనిషి చెబుతుంది. కోడ్ నేమ్ ముత్యం.”

లైబ్రరీ పై అంతస్తు హాలు. పెట్టుడు గడ్డంతో, మాన్యువల్ అనువాదకుడి వేషంలో డేగ వెనక వరసలో కూర్చున్నాడు. జేబులో మైక్ ఉన్న పెన్ను, కోటు లోపల స్టీలు రేకు. పక్క కుర్చీలోకి సెంటు వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది.

“ఫ్యాను చప్పుడు ఎక్కువే,” అంది.

“అలవాటైపోతుంది లెండి.”

కోడ్ సరిపోయింది. ముత్యం గొంతు తగ్గించింది. “విషం బాబాయ్ ప్లాన్‌లోనే ఉంది. ఆయన్ని కొనేసి, పనయ్యాక నోరు మూయించారు. రెండోది నాది. పాసవనివ్వండి.”

ఆమె హొయలుగా నడిచి బోర్డు దగ్గర నిలబడింది. “బాబాయ్ ప్లాన్‌లో థ్రెడ్ లాక్‌ని చూడటం, పట్టుకోవడం ఒకే దెబ్బలో జరిగిపోతాయి. మొరటు పద్ధతి! నా ప్లాన్‌లో ముందు లాక్ ఖాళీగా ఉందేమో చూస్తుంది. కాస్త ఆగుతుంది, కరెంటు ఆదా. అప్పుడు పట్టుకుంటుంది.”

అందరూ తలలూపారు.

అప్పుడే బట్టతలాయన ఒకడు ఖాళీ కుర్చీ చూసుకుని, సంచీ తీసుకోవడానికి వెనక్కి తిరిగాడు. అదే కుర్చీని అటువైపు నుంచి ఓ లావుపాటాయన కూడా చూశాడు. ఇద్దరూ ఒకేసారి కూలబడ్డారు.

“ఇది నాది గురూ!”

“చూసింది నేను ముందు!”

హాలంతా నవ్వింది. డేగ చూపు మాత్రం బోర్డు మీదికి మళ్లింది. చూడటానికీ పట్టుకోవడానికీ మధ్య ఆ కాస్త ఖాళీ. కుర్చీ బదులు రైల్వే లైను. కుర్చీలోకి దూరినట్టు రెండు రైళ్లు!

విషం ముత్యం ప్లాన్‌లోనే ఉంది. ఆమె డబుల్ ఏజెంట్.

ముత్యం తిరిగొచ్చి పక్కన కూర్చుంది. మీటింగ్ నడిపే అక్కయ్య లేచింది. “రెండో ప్లాన్‌కి అభ్యంతరాలున్నాయా? రూలు తెలుసుగా. వద్దన్నవాళ్లే ఆ పని నెత్తినేసుకోవాలి.”

తలలన్నీ లాప్‌టాప్‌ల వెనక్కి వాలిపోయాయి. ఇన్నేళ్లుగా ఇక్కడ వద్దనేది బాబాయ్ ఒక్కడే. ఆ ఒక్క గొంతు ఆపితే చాలని శత్రువులకు ముందే తెలుసు.

డేగ లేవబోయాడు. పక్కటెముకలకు ముత్యం లిప్‌స్టిక్ గొట్టం ఆనింది. “లోపల సూదుంది, సూదిలో మందుంది. కదిలావో, గుండెపోటు అనుకుంటారు.”

“ఎవరూ లేరా? అయితే ఖాయం చేసేస్తున్నా.” అక్కయ్య వేలు ఎంటర్ మీదికి దిగుతోంది.

“నాకుంది అభ్యంతరం!”

సూది దిగింది. కోటు లోపలి స్టీలు రేకుకు తగిలి వంకర పోయింది. పెన్ను మైక్‌లో అంతా విన్న మఫ్టీ పోలీసులిద్దరు కాఫీ ట్రేలు వదిలేసి ముత్యం చేతులు విరిచి పట్టుకున్నారు.

అక్కయ్య ఎంటర్ మీంచి వేలు తీసింది. తర్వాత డేగ ముందు ఓ లాప్‌టాప్ పెట్టింది. “మొదలుపెట్టు తమ్ముడూ.”

“నేను గూఢచారినండీ!”

“ఎవరైతే ఏంటి? రూలు రూలే.”

వారమంతా డేగ ప్రాణం పెట్టి రాశాడు. మళ్లీ మీటింగ్‌లో అందరి ముందూ పంపిన మరుక్షణం ఆస్పత్రి నుంచి జవాబొచ్చింది: “అభ్యంతరం. ఇది కోడా, పిచ్చిగీతలా? — బాబాయ్.”

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అక్కయ్య కళ్లు తుడుచుకుంది.

డేగ కోటు వేసుకుంటూ ఒక్క లైను టైపు చేశాడు: “వద్దన్నది మీరే కాబట్టి, ఇక పని మీది బాబాయ్!”