వెనక్కి వచ్చే నడక

"ఒక ముసలాయన వీధి చివరిదాకా వెళ్ళడానికి పన్నెండు బొమ్మలా?"

కొత్తగా చేరిన ప్రోగ్రామర్ అతని బల్ల పక్కన నిలబడి అడిగింది. చేరి పది రోజులే అయింది. ఈలోగా అందరి పనిలోనూ ఎక్కువైనవి తీసేయించి, ఆఫీసులో 'కత్తెర' అని పేరు తెచ్చుకుంది.

అతన్ని 'చుక్కలాయన' అంటారు. స్క్రీన్ మీద చిన్న చిన్న చదరపు చుక్కలు పేర్చి గేమ్‌లోని మనుషుల్ని గీస్తాడు. ఒకే మనిషిని కాస్త కాస్త మార్చి ఎనిమిదిసార్లు గీస్తే ఆ మనిషి నడుస్తాడు.

"మిగతావాళ్ళు ఎనిమిదితో సరిపెట్టుకున్నారు కదండీ."

"వాళ్ళు కుర్రాళ్ళు. గెంతుకుంటూ పోతారు."

"చివరి నాలుగూ తీసేయండి. కాలు ఈడుస్తున్నట్టుంది, చంకలో ఏదో గీత జారుతోంది. పొరపాటు పడ్డారనుకున్నాను."

"అది గొడుగండీ. నడిపించి చూశారా?"

"టైమెక్కడిది? సాయంత్రానికి గేమ్ పంపాలి."

"కోసే ముందు ఒకసారి చూడాలి కదా, కత్తెర గారూ."

"ఎవరా కత్తెర?"

అతను నాలుక కరుచుకుని మీట నొక్కాడు.

స్క్రీన్ మీద ముసలాయన కుడివైపు నడిచాడు. కుడి కాలు కొంచెం ఈడ్చాడు. కొన్ని అడుగులకు ఆగి, జారుతున్న గొడుగును చంకలోకి ఎగదోసుకుని, మళ్ళీ కదిలాడు.

ఆమె చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టబోయి అంచు మీద పెట్టింది. అవి కింద పడ్డాయి. ఆమె వంగలేదు.

"ఈయన్ని ఎక్కడ చూశారు?"

"ఈ కిటికీలోంచే. రోజూ పొద్దున్నే ఎదురుగా వెళ్ళేవారు. మండుటెండలోనూ గొడుగు తెరిచేవారు కాదు. ఈమధ్య కనిపించడం లేదు. ఇల్లు మారారేమో."

"మారలేదు," అంది. కింద పడ్డ కాగితాలు ఏరుకుంటూ, "పోయారు. మా నాన్న," అంది.

అతను కిటికీ వైపు చూశాడు. ఏడాదిపాటు రోజూ చూసిన మనిషి. పేరైనా అడగలేదు.

"వెనక్కి నడిపించండి."

నడిపించాడు. ముసలాయన ఎడమవైపు తిరిగి వస్తున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"నాన్నది కుడి మోకాలండీ. ఇప్పుడు ఎడమ కాలు ఈడుస్తున్నారు."

ఈ పనిలో అందరూ చేసేదే అతనూ చేశాడు. తిరుగునడక వేరుగా గీయకుండా, వెళ్ళే బొమ్మనే అద్దంలోలా తిప్పేశాడు. ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

"సాయంత్రం ఎండ స్క్రీన్ మీద పడుతుందని ఆ కిటికీ మూసేస్తాను," అన్నాడు. "ఆయన తిరిగి రావడం నేను చూడలేదు."

"నేను చూశాను. రోజూ మా ఇంటి గేటు దగ్గరే ఉండేదాన్ని."

ఆ సాయంత్రం గేమ్ ముసలాయన లేకుండానే వెళ్ళింది. ఎందుకని మేనేజర్ అడిగితే, "ఆయనకింకా పన్నెండు బొమ్మలు కావాలి," అంది కత్తెర. మేనేజర్ రెండోసారి అడిగి నిర్ధారించుకున్నాడు.

వారం రోజులు ఆమె వరండాలో గొడుగు పట్టుకుని నడిచింది. అతను కుర్చీ వేసుకుని గీశాడు.

"వచ్చేటప్పుడు గొడుగు చంకలో ఉండదు. చేతికర్రలా నేలకు ఆనించేవారు."

"ఇలాగా?"

"అలాగే. కాలు చూడండి, మొహం కాదు."

"కాలే చూస్తున్నాను."

"అబద్ధం గీయడం మీకు చేతకాదు, చెప్పడమూ చేతకాదు."

బొమ్మ పూర్తయిన రోజు ఆమె తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. అతను మీట నొక్కాడు. ముసలాయన వీధి చివర తిరిగి, గొడుగు ఆనించుకుంటూ, కుడి కాలు ఈడుస్తూ ఇంటివైపు వచ్చాడు.

ఆవిడ స్క్రీన్ అంచు పట్టుకుని చాలాసేపు చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"రోజూ చూసేవాడివా, బాబూ?"

"చూసేవాణ్ణండీ."

"మరి ఒక్కసారైనా పలకరించలేదేం?"

"రేపు పలకరిద్దాం, రేపు పలకరిద్దాం అనుకుంటూ ఉండిపోయానండీ."

ఆవిడ అతన్నీ, కిందపడిన పెన్సిలు తీసే నెపంతో వంగి ఎంతకీ లేవని కూతుర్నీ చూసింది.

"మా అమ్మాయి విషయంలోనూ అంతేనా?"

బల్ల కింద పెన్సిలు వెతుకులాట ఆగింది.

"కాదండీ," అన్నాడతను. "ఇవాళే అడుగుదామనుకున్నాను."

"అడగండి మరి," అంది బల్ల కింది గొంతు.