తెల్లగైన బిడ్డ

ఆ పొద్దున ఎడారి దేశంలోని మామీర్ ఊరి మీద ఆకాశాన్ని ఇసుక దుమ్ము కమ్మేసింది. సూర్యుడు ఎక్కడున్నాడో కూడా తెలియడం లేదు. కోడలి కాన్పుకని భార్య ముత్తెమ్మతో కలిసి విజిట్ వీసా మీద వచ్చిన లచ్చన్న, స్నానాలగది గడప దగ్గర నిలబడ్డాడు. లోపల ముత్తెమ్మ కాళ్లు చాపుకొని, ఐదు రోజుల మనవడికి నీళ్లు పోస్తోంది.

"సూడు, ఎంత తెల్లగైండో! అంతా నా శెనగపిండే. తాత రంగు రాలే, బతికిండు!"

లచ్చన్న నవ్వలేదు. ముప్పై ఏళ్లు గొర్లు కాసినవాడు. గొర్రె డీలాపడితే ముందు కనురెప్ప మలిచి చూస్తాడు. లోపల ఎరుపు లేదంటే నెత్తురు ఎక్కడో పోతున్నట్టే. బిడ్డ చిగుళ్లు నిన్ననే పాలిపోయి కనిపించాయి. బాలింత సంగతిలో మగవాడి మాటెందుకని ఊరుకున్నాడు. ఇవాళ పొట్ట ఉబ్బి, బొడ్డు చుట్టూ నీలంగా ఉంది.

"పాలు తాగుతలేడత్తా," అంది శిరీష గదిలోంచి.

"పండుకున్న పిల్లగాడు ఏం తాగుతడే?"

"దవాఖానకు నడువుండ్రి," అన్నాడు లచ్చన్న. ఆ గొంతు విని కొడుకు లక్ష్మణ్ డ్యూటీ మాట మరిచి, చెప్పులు తొడుక్కోకుండానే కారు తీశాడు.

ఆస్పత్రిలో పొట్టకు స్కానింగ్ చేశారు. బిడ్డ పెద్దగా ఉండడంతో కాన్పు కష్టమైంది. అప్పుడే కాలేయం కమిలి, దాని పొర కింద నెత్తురు గూడుకట్టి, ఇప్పుడు పగిలిందని డాక్టరమ్మ హిందీలో చెప్పింది. వెచ్చగా ఉంచారు, నెత్తురెక్కించారు, గడ్డకట్టడానికి సూది వేశారు. ఎక్కించిందంతా పొట్టలోకే పోయింది. కోసి చూద్దామంటే తట్టుకునే స్థితి లేదు. నిన్న తెచ్చి ఉంటే కొంత ఆశ ఉండేదని కూడా ఆమె చెప్పింది. మధ్యాహ్నానికి బిడ్డ పోయాడు.

మర్నాడు మట్టి చేసి వచ్చాక లక్ష్మణ్ తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"తెల్లగైండు, తెల్లగైండని ఊరందరికి ఫోన్ల సూపిస్తివి గదనే! నెత్తురు లేక పాలిపోతే నీకు సోకనిపిచ్చిందా?"

ముత్తెమ్మ తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది.

"మీ అవ్వనేమనకురా," అన్నాడు లచ్చన్న. "దానికి తెల్వదు. నాకెరుకే. మొన్ననే సూసిన."

శిరీష తలెత్తింది. "సూసి చెప్పకపోతివా మామా?"

"పచ్చి బాలింతవు, ఎట్ల జెప్పాలె అనుకున్న. నా మందల గొర్రెపిల్లయితే అప్పటికప్పుడే ఎత్తుకపోతుంటి బిడ్డా..."

శిరీష కళ్లు దించుకొని అంది, "మొన్నటి సంది పాలు సరిగ్గ తాగలే. అత్త ఏమంటదోనని నేను గూడ నోరు తెరవలే."

పక్క ఫ్లాటు పద్మజ అన్నం పంపింది. శిరీషే లేచి నలుగురికీ వడ్డించింది, ముందు అత్తకు. కూర్చోగానే ఆమె రవిక పాలతో తడిసింది. ముత్తెమ్మ ఎడమచేత్తో కోడలి కొంగు సర్ది కప్పింది. లక్ష్మణ్ తల్లి వైపు నీళ్లు జరిపాడు. లచ్చన్న కంచంలోంచి కళ్లెత్తలేదు. నలుగురూ తిన్నారు.